మట్టం కుదిరాకే నీళ్ళు: మా హాల్లో ఆరడుగుల రీఫ్ ట్యాంకు డైరీ

జనవరి 18

సంక్రాంతికి వచ్చిన చుట్టాలు వెళ్ళిపోయారు. హాలు ఖాళీ అయింది. ఏడాదిగా నోటుబుక్కులో ఉన్న రీఫ్ ట్యాంకు, అంటే సముద్రపు దిబ్బలా రాళ్ళూ చేపలూ ఉండే ఉప్పునీటి అద్దాల తొట్టె, ఇవాళ నేల మీదికి వచ్చింది. తూర్పు గోడ పక్కన కాగితపు టేపుతో 180 సెంటీమీటర్లు, 75 సెంటీమీటర్లు గీత వేశాను. ట్యాంకు ఎత్తు 60. సాయంత్రం దాకా ఇంట్లో అందరం ఆ గీత తొక్కకుండా తిరిగాం.

ఇంత పెద్దది ఎందుకంటే పాత అనుభవం ఒకటి ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడినప్పుడు మా దగ్గర రెండడుగుల ఉప్పునీటి ట్యాంకు ఉండేది. కరెంటు రోజుల తరబడి రాలేదు. నీళ్ళలోకి గాలి చేరాలని నేనూ మా ఆయనా వంతులు వేసుకుని రెండు రాత్రులు గ్లాసుతో ముంచి పోస్తూ కూర్చున్నాం. మూడో రోజు రెండు క్లౌన్ చేపలూ చనిపోయాయి. నీళ్ళు తక్కువైతే వేడి, ఉప్పు, ఆక్సిజన్ అన్నీ త్వరగా మారిపోతాయి. మళ్ళీ పెడితే ఎక్కువ నీళ్ళతో, కరెంటు పోయినా నిలబడేలా పెట్టాలని ఆ రోజే అనుకున్నాను.

ముందు బరువు లెక్క. 15 మిల్లీమీటర్ల అద్దం 165 కిలోలు. 55 సెంటీమీటర్ల దాకా ఉప్పునీళ్ళు పోస్తే 720. ఇనుప స్టాండు 110. కింద పెట్టే సంప్ (ట్యాంకు నీళ్ళు దిగి, పంపుతో మళ్ళీ పైకి వెళ్ళే తొట్టె) నీళ్ళతో కలిపి 115. ఇసుక, రాళ్ళు కలిసి 95. మొత్తం 1,200 కిలోలకి కాస్త అటూ ఇటూ. ట్యాంకు కింద నేల 1.35 చదరపు మీటర్లే కాబట్టి చదరపు మీటరుకి 890 కిలోల దాకా పడుతుంది. ఇళ్ళ గదులకి శ్లాబు డిజైన్ చేసేటప్పుడు భారత ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం తీసుకునే బరువు చదరపు మీటరుకి 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోలు. మేడ మీద పెడదామన్న మా బాబు కోరిక ఈ ఒక్క లెక్కతో ఆగిపోయింది. శ్లాబు మీద ఇంత బరువు పెట్టాలంటే స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి చెప్పాల్సిందే.

కింద అంతస్తు అయినంత మాత్రాన నిశ్చింత లేదు. మా స్థలం వాలు మీద ఉంది. ఇల్లు కట్టినప్పుడు మామగారు తూర్పు వైపు మూడడుగులు మట్టి పోయించి ఎత్తు చేశారు. ఆ పూడిక మీద కాంక్రీటు, దాని మీద టైల్స్. గోడ కింద దాని బరువు మోసే ప్లింత్ బీమ్ ఉంది కాబట్టి గోడకి ఆనుకుని పెడితే కొంత నయం. అందుకే తూర్పు గోడ.

జనవరి 20

మా మేనమామ స్టీల్ ప్లాంటులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. పెద్ద పెద్ద మోటార్లనీ పంపుల్నీ పునాదుల మీద కూర్చోబెట్టిన చెయ్యి. ఫోన్ చేసి ట్యాంకుకి మట్టం చూడాలి అన్నాను. గాజువాక నుంచి బస్సెక్కి సంచితో దిగాడు. సంచిలో రసమట్టం, మూలమట్టం, నైలాన్ దారం, పది మీటర్ల పారదర్శకపు గొట్టం.

ముందు రసమట్టాన్నే పరీక్ష చేశాడు. నేల మీద పెట్టి బుడగ ఎక్కడుందో చూశాడు, అదే చోట అటుదిటు తిప్పి పెట్టి మళ్ళీ చూశాడు. రెండుసార్లూ బుడగ గదిలో ఒకే వైపుకి ఒకేలా జరిగి ఉంటే మట్టం పరికరం నిజం చెబుతోందని అర్థం. నా దగ్గరున్న రసమట్టం ఈ పరీక్షలో తప్పింది. రెండేళ్ళుగా ఇంట్లో షెల్ఫులన్నీ దానితోనే బిగించాను.

తర్వాత గొట్టంలో నీళ్ళు నింపి, బుడగలు లేకుండా తట్టి, నాలుగు మూలల ఎత్తు తీశాం. గొట్టం రెండు కొసల్లోనూ నీళ్ళు ఎప్పుడూ ఒకే మట్టంలో నిలుస్తాయి కాబట్టి తాపీ పనివాళ్ళు ఇల్లంతా దీనితోనే మట్టాలు తీస్తారు. మా లెక్క ఇలా వచ్చింది. గోడ వైపు ఎడమ మూల అన్నిటికంటే ఎత్తు, దాన్ని సున్నా అనుకున్నాం. గోడ వైపు కుడి మూల 4 మిల్లీమీటర్లు పల్లం. ముందు ఎడమ 5 పల్లం. ముందు కుడి 12 పల్లం.

వాటం గుమ్మం వైపు ఉంది, కడిగిన నీళ్ళు పోవడానికి అలా పెట్టారు, అది మామూలే అనుకున్నాను. మావయ్య కాగితం తీసుకుని ఎదురెదురు మూలలు కూడాడు. సున్నా, 12 కలిపితే 12. నాలుగు, ఐదు కలిపితే 9. "రెండూ ఒకటి అవ్వాలమ్మా. మూడు తేడా ఉంది సూడు. ఇది వాటం కాదు, మెలి" అన్నాడు.

నేల ఒకే పలకలా వాలి ఉంటే ఎదురెదురు మూలల మొత్తాలు సమానంగా వస్తాయి. రాలేదంటే నేల మెలి తిరిగి ఉందన్నమాట. ట్యాంకు మొత్తం ఒక పక్కకి రెండు మూడు మిల్లీమీటర్లు ఒరిగితే నీటి గీత వంకరగా కనిపిస్తుంది, ఒక అద్దం మీద బరువు కొద్దిగా పెరుగుతుంది, అంతే. మెలి ఉంటే మాత్రం అడుగు అద్దం ఒక మూల గాల్లో ఉండి, నీళ్ళ బరువుకి కిందికి వంగాలని చూస్తుంది. అద్దం వంగదు. ఆ ఒత్తిడి అంతా సిలికాన్ అతుకుల మీదికీ అద్దం అంచు మీదికీ పోతుంది. ఇన్నాళ్ళూ నేను చదివిన చోటల్లా రసమట్టం పొడవుకి ఒకసారి, వెడల్పుకి ఒకసారి పెట్టి చూడమనే ఉంది. అలా చూస్తే మెలి దొరకదు.

వెళ్ళే ముందు టైల్స్ అన్నీ స్క్రూడ్రైవర్ పిడితో తట్టాడు. ముందు కుడి కాలు వచ్చే చోట టైలు డొల్లగా మోగింది. తీసేద్దామా అన్నాడు. ఒక్క టైలు కోసం హాలంతా దుమ్ము చేయడం ఎందుకని నేను వద్దన్నాను. ఈ సంగతి ఫిబ్రవరి 9న మళ్ళీ వస్తుంది.

జనవరి 27

స్టాండు వచ్చింది. 50 మిల్లీమీటర్ల చదరపు ఇనుప గొట్టం, 3 మిల్లీమీటర్ల మందం, ఆరు కాళ్ళు, ప్రతి కాలి కింద మందపాటి బోల్టు, దాని కింద నాలుగంగుళాల ఇనుప పలక. ఎపాక్సీ పెయింటు రెండు పూతలు. ఉప్పునీళ్ళ దగ్గర ఇనుముకి పెయింటే ప్రాణం కాబట్టి వెల్డింగ్ అతుకుల మీద నేను మూడో పూత వేశాను.

వెల్డింగ్ వేడికి ఫ్రేము మెలి తిరిగిందేమో చూడాలి. మావయ్య పై ఫ్రేము మీద మూల నుంచి మూలకి రెండు దారాలు బిగించాడు. మధ్యలో అవి దాటుకునే చోట ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉండాలి. కింది దారాన్ని పైకి, పై దారాన్ని కిందికి మార్చి మళ్ళీ చూశాడు. రెండుసార్లూ ఒకేలా తాకాయి. ఫ్రేము బాగుంది. ఖర్చు లేని పరీక్ష, ఐదు నిమిషాల పని.

ఫిబ్రవరి 1

బోల్టులతో మట్టం. ఎత్తుగా ఉన్న మూలని కదపకుండా మిగతావాటిని దాని దాకా లేపాలి. ముందు మూడు మూలలు కుదిర్చాం, ఎందుకంటే మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలంలో ఉంటాయి. నాలుగో కాలిని దారాలు చూస్తూ నెమ్మదిగా కిందికి దింపి నేలకి ఆనించాం. మధ్య కాళ్ళు రెండూ చివర్లో, చేత్తో తిప్పినంత బిగువు, పలక కింద ఫీలర్ గేజ్ (సందులు కొలిచే సన్నటి రేకు) దూరనంత వరకే. మధ్య కాలు ఎక్కువ బిగిస్తే ఫ్రేము నడుం లేచి, అప్పటిదాకా చేసిన పనంతా పోతుంది.

బరువు బోల్టుల మీద వదలకూడదు అన్నాడు మావయ్య. మెషిన్ల కింద పోసినట్టే పలకల చుట్టూ చెక్క కట్టి నాన్-ష్రింక్ గ్రౌట్ పోశాం. మామూలు సిమెంటు ఆరేటప్పుడు కుంచించుకుని పలక కింద సన్నటి సందు వదులుతుంది, ఇది వదలదు. ఒక వైపు నుంచే పోయాలి, గ్రౌట్ అవతలి వైపు పొంగి కనిపించేదాకా. రెండు వైపుల నుంచీ పోస్తే మధ్యలో గాలి చిక్కుతుంది. వారం రోజులు దాని జోలికి వెళ్ళలేదు.

ఫిబ్రవరి 9

ఉదయం ఆరుగురు మనుషులు, నాలుగు వాక్యూమ్ కప్పులతో ట్యాంకు లోపలికి వచ్చింది. స్టాండు మీద 19 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్, దాని మీద 10 మిల్లీమీటర్ల ఫోమ్ షీటు. అడుగు అద్దం మొత్తం నేరుగా ఆనే ట్యాంకు కాబట్టి ఫోమ్ కావాలి. చుట్టూ ప్లాస్టిక్ ఫ్రేము ఉండి అంచుల మీదే నిలబడే ట్యాంకుకైతే ఫోమ్ వేయకూడదు. ఇంకొకటి, ఫోమ్ ఇసుక రేణువంత ఎగుడుదిగుడుని సర్దుతుందే తప్ప మట్టాన్ని సరిచేయదు.

మంచినీళ్ళతో మొదటి పరీక్ష. అద్దం మీద బయట నాలుగు మూలల్లో టేపు అతికించి, అడుగు అద్దం అంచు నుంచి నీటి గీత దాకా వెర్నియర్ కాలిపర్‌తో కొలిచాను. ఐదు సెంటీమీటర్ల నీళ్ళకి నాలుగు మూలలూ అర మిల్లీమీటరు లోపలే ఉన్నాయి. సంతోషంగా 20 సెంటీమీటర్ల దాకా నింపాం, అంటే సుమారు 255 లీటర్లు. రాత్రి పదికి మళ్ళీ కొలిచాను. ముందు కుడి మూల దగ్గర నీళ్ళు 2 మిల్లీమీటర్లు ఎక్కువ. డొల్ల టైలు.

నీళ్ళన్నీ నిండితే ముందు అద్దం ఒక్కదాన్నే నీళ్ళు బయటికి తోసే బలం 270 కిలోల దాకా ఉంటుంది. అలాంటి అద్దం కింద ఒక కాలు దిగుతోందని తెలిసి నిద్ర పట్టలేదు. రాత్రి ఒంటిగంటకి లేచి గొట్టం పెట్టి నీళ్ళన్నీ పెరట్లో కొబ్బరి చెట్టుకి వదిలేశాను. తెల్లారాక మావయ్యకి ఫోన్ చేస్తే ఒక్క మాట కూడా తప్పు పట్టలేదు. "నీళ్ళు చెప్పాయి కదమ్మా, ఇనుకో" అని మాత్రం అన్నాడు.

ఫిబ్రవరి 10 నుంచి 13

అదే ఆరుగురు మళ్ళీ వచ్చి ట్యాంకు దింపి పరుపు మీద పెట్టారు. గ్రౌట్ ఉలితో కొట్టి స్టాండు జరిపాం. డొల్ల టైలు ఒక్కటే తీద్దామనుకున్నాం గాని, దాన్ని లేపాక కింద సిమెంటు నాలుగు చోట్ల ముద్దలుగా మాత్రమే ఉండటం చూసి మిగతా ఐదు కాళ్ళ కింద టైల్స్ కూడా కోయించాను. అడుగున కాంక్రీటు గట్టిగానే ఉంది, పూడిక మట్టి ఎప్పుడో సర్దుకుంది. ఆరు గుంటలూ కాంక్రీటు దాకా శుభ్రం చేసి, తడిపి, గ్రౌట్‌తో నింపాం. దాని మీద స్టాండు నిలబెట్టి, మట్టాలన్నీ మొదటి నుంచీ చేసి, మళ్ళీ గ్రౌట్.

టైల్స్ వేసిన మేస్త్రీ మీద కోపం రాలేదు. మనుషులు నడిచే నేలకి ఆ పని చాలు. 200 కిలోలు ఒక్క కాలి మీద నిలిపేది నేను కాబట్టి చూసుకోవాల్సిందీ నేనే. నా వల్ల మొత్తం పన్నెండు రోజులు పోయాయి.

ఫిబ్రవరి 21

ఈసారి తొందరపడలేదు. 5, 20, 40, 55 సెంటీమీటర్లు. ప్రతి దశకీ మధ్య ఒక రాత్రి విరామం, ప్రతి ఉదయం కాఫీ కంటే ముందు కొలత. నిండు నీళ్ళతో చివరి లెక్క: గోడ వైపు ఎడమ సున్నా, గోడ వైపు కుడి అర మిల్లీమీటరు పల్లం, ముందు ఎడమ సున్నా, ముందు కుడి 1 పల్లం. ఎదురెదురు మూలల మొత్తాల తేడా అర మిల్లీమీటరు. ఆరడుగుల పొడవుకి ఇది చాలా మంచి మట్టం. మావయ్య కాగితం మీద తేదీ వేసి స్టాండు తలుపు లోపల అతికించాడు.

ఫిబ్రవరి 24

పైపుల పని. వెనక అద్దం మధ్యలో పైనీళ్ళు పొంగి పడే ఓవర్‌ఫ్లో పెట్టె, దాని నుంచి మూడు పైపులు కింద సంప్‌లోకి. మొదటిది గేట్ వాల్వ్‌తో నిండుగా, చప్పుడు లేకుండా పారుతుంది. రెండోది మిగిలిన కొద్ది నీళ్ళకి. మూడోది ఎప్పుడూ పొడిగానే ఉండాలి, మిగతావి మూసుకుపోతే అది కాపాడుతుంది. ఓవర్‌ఫ్లో అంచు మీద నీళ్ళు పలచటి పొరలా అంతటా ఒకే మందంతో జారుతుంటే చూస్తూ నిలబడిపోయాను. మట్టం తప్పిన ట్యాంకులో ఒక కొస నుంచే జారి, రెండో కొస దగ్గర నీటి మీద జిడ్డు పొర నిలిచిపోతుంది.

మన దగ్గర అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష కరెంటు తీసి చూడటం. పంపు ఆగగానే ట్యాంకులో నీళ్ళు ఓవర్‌ఫ్లో అంచు దాకా దిగుతాయి, సంప్ నుంచి నీళ్ళు పైకి తెచ్చే రిటర్న్ పైపు కూడా వెనక్కి లాగుతుంది. మా ట్యాంకులో ఒక్క సెంటీమీటరు నీళ్ళంటే దాదాపు 13 లీటర్లు. మొదటిసారి తీస్తే మూడు సెంటీమీటర్లు దిగింది, 38 లీటర్లు. సంప్‌లో మట్టం తొమ్మిదిన్నర సెంటీమీటర్లు పెరిగి అంచుకి రెండు వేళ్ళ దూరంలో ఆగింది. నాకది చాలదనిపించి రిటర్న్ పైపు మూతిని నీటి గీత దగ్గరికి పైకి జరిపాను. ఇప్పుడు రెండు సెంటీమీటర్లే దిగుతోంది. పదిసార్లు స్విచ్ తీసి వేసి చూశాను. వెనక్కి రానివ్వని వాల్వ్ పెట్టొచ్చు గాని, ఇసుక రేణువు చిక్కితే అది సరిగ్గా మూసుకోదు. పైపు ఎత్తుని నమ్ముకోవడమే మేలు.

మార్చి 2

ఉప్పు. బీచికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉండి ఉప్పు కొనడమేమిటని పక్కింటి పిన్నిగారు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. బంగాళాఖాతంలోకి గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ ఇన్ని నదులు నీళ్ళు తెస్తాయి. వానల తర్వాత మన తీరంలో పైనీళ్ళ ఉప్పదనం బాగా తగ్గుతుంది. రీఫ్‌కి ఏడాది పొడవునా కిలో నీటికి 35 గ్రాముల దగ్గర నిలకడగా ఉండాలి. దానికి తోడు మనది ఓడరేవు ఊరు. అందుకే ఆర్ఓ నీళ్ళని మిగిలిన లవణాలు పట్టే రెజిన్ గుండా పంపి, కరిగిన పదార్థాలు కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించాక డ్రమ్ముల్లో పట్టి ఉప్పు కలిపాను. రాళ్ళూ ఇసుకా పోను 745 లీటర్ల నీళ్ళు, 28 కిలోల ఉప్పు. 25 డిగ్రీల దగ్గర సాంద్రత 1.026.

ఇసుక కూడా బీచిది కాదు. మన తీరపు ఇసుకలో నల్లచారలు అందరూ చూసే ఉంటారు, అవి ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలు, ట్యాంకులో నాకు వద్దు. వేసింది అరగొనైట్ ఇసుక, గుల్లల్లో ఉండే కాల్షియం ఖనిజం.

రాళ్ళు నేనే పోశాను. డిసెంబరులో తెల్ల సిమెంటు, కోళ్ల దాణా దుకాణంలో దొరికే గుల్ల ముక్కలు, కళ్ళుప్పు కలిపి ఇసుక గుంటల్లో ముద్దలు పెట్టాను. ఉప్పు కరిగిపోయిన చోట రంధ్రాలు మిగులుతాయి. రెండున్నర నెలలు నీళ్ళు మారుస్తూ నానబెట్టాక పీహెచ్ 8.3కి దిగింది. నానబెట్టకుండా వేస్తే సిమెంటులో సున్నం చేపల్ని చంపేస్తుంది. రాళ్ళని ఇసుక మీద కాక నేరుగా అడుగున, పలచటి ప్లాస్టిక్ షీటు మీద నిలబెట్టాకే ఇసుక పోశాను. ఇసుకని తవ్వే చేపలుంటే రాయి కూలకూడదు.

ఒకరు ఇంటికి వచ్చి తెల్ల పగడపు ముక్కలు తెచ్చిపెడతామన్నారు. వద్దని పంపించాను. రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001 నుంచి ఉన్నాయి, చచ్చిన ముక్కకైనా అదే రక్షణ. మన్నార్ సింధుశాఖలో, లక్షద్వీప్‌లో, అండమాన్‌లో మిగిలినవి అక్కడే ఉండనివ్వాలి. నా రాళ్ళ మీద పగడాలు లేకపోయినా గులాబీ రంగు కోరలైన్ నాచు పట్టి, చేపలకి దాక్కునే గుహలుంటే నాకు చాలు.

మార్చి 8

నైట్రోజన్ చక్రం, అంటే చేపల వ్యర్థాల్లోని అమ్మోనియా విషాన్ని మార్చే బ్యాక్టీరియాని ముందే పెంచడం, మొదలుపెట్టాను. చచ్చిన రొయ్య వేసే పద్ధతి కాకుండా స్వచ్ఛమైన అమ్మోనియం క్లోరైడ్ దాదాపు 5 గ్రాములు కలిపాను. కళాయి వేసేవాళ్ళ దగ్గరుండే నవాసాగరం కూడా ఇదే పదార్థం, కాకపోతే దాని శుద్ధి నమ్మలేం. అమ్మోనియాని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్ చేస్తుంది, మరో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. ఎదురుచూడటం తప్ప చేసేదేమీ లేదు.

ఎండలు మొదలయ్యాయి. మధ్యాహ్నం హాల్లో 32 డిగ్రీలు. నీళ్ళు 26 దగ్గర ఉండాలని వాటిని చల్లబరిచే చిల్లర్ బిగించాం, దాని వేడిగాలి పెరట్లోకి పోయేలా గోడకి కన్నం కొట్టించాను. ఇన్వర్టర్ చిల్లర్‌ని లాగలేదు. నీళ్ళని కదిలించే ఒక వేవ్ మేకర్‌నీ గాలి పంపునీ మాత్రం తొమ్మిది గంటలు నడిపింది. గడియారం పెట్టుకుని చూశాను. ఆ పైన రెండు బ్యాటరీ గాలి పంపులు డ్రాయర్‌లో ఉన్నాయి, నెలకోసారి సెల్స్ చూడటం మా బాబు పని.

మార్చి 29

నిన్న వేసిన అమ్మోనియా 24 గంటల్లో సున్నా అయింది. నైట్రైట్ కూడా సున్నా. నైట్రేట్ ఉంది, సగం నీళ్ళు మార్చాను. అద్దం మీద గోధుమ రంగు డయాటమ్ (కంటికి కనిపించనంత చిన్న నాచు) పొర వచ్చి పోతోంది.

క్లౌన్ చేపల జంట హ్యాచరీలో పుట్టినదే కావాలని చెప్పి ఉంచాను. సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) లాంటి సంస్థలు మన దేశంలోనే వీటి పెంపకం పద్ధతి తయారుచేశాక సముద్రం నుంచి పట్టి తెచ్చినవి కొనాల్సిన అవసరం లేదు. ముందు వేరే ట్యాంకులో నాలుగు వారాలు ఉంచాలి.

సాయంత్రం మావయ్య వచ్చాడు. టీ కూడా తాగకుండా స్టాండు తలుపు తీసి పాత కాగితం చూసి వెర్నియర్ అడిగాడు. గోడ వైపు ఎడమ సున్నా. గోడ వైపు కుడి అర. ముందు ఎడమ సున్నా. ముందు కుడి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని రెండుసార్లు కొలిచాడు. ఒకటి. ఐదు వారాలు 1,200 కిలోలు మోసినా ఆ కాలు కదల్లేదు. కాగితం మీద పాత తేదీ కింద కొత్త తేదీ వేసి, "ఇంక చేపల్ని పిలువమ్మా" అన్నాడు.